తెలిసిన పాటల్నే మళ్లీ ఎందుకు వింటాం?

ఎంత నచ్చిన సినిమా అయినా నాలుగోసారి చూడమంటే కాస్త ఆలోచిస్తాం. నవలను మూడోసారి చదివేవాళ్లు ఇంకా తక్కువ. పాటల దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క పనిచేయదు. 'గీతాంజలి' సినిమా పాటల్ని ముప్పై ఏళ్లుగా వింటున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఏ చరణం ముందు వయొలిన్లు అందుకుంటాయో, బాలు గొంతు ఎక్కడ సన్నబడుతుందో వాళ్లకు ముందే తెలుసు. అయినా రాత్రి ప్రయాణంలో చెయ్యి అటే పోతుంది. ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌లో పది కోట్లకు పైగా పాటలున్నా తిరిగి తిరిగి ఆ ఏడు పాటల దగ్గరికే వస్తారు.

ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు పాత జ్ఞాపకాలని. అందులో నిజం ఉంది. కానీ ఆ జవాబుతో తేలని చిక్కు ఒకటుంది. క్యాసెట్ల రోజుల్లో పెరిగిన వాళ్ల ఇళ్లల్లో డ్రాయర్ల నిండా క్యాసెట్లు ఉండేవి. అన్నీ ఆ వయసులో కొన్నవే, ఆ టేప్ రికార్డర్‌లో విన్నవే, ఆ స్నేహితులతో మార్చుకున్నవే. వాటిలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు గుర్తు రావు. నాలుగో ఐదో మిగులుతాయి. జ్ఞాపకమొక్కటే కారణమైతే అన్నీ సమానంగా లాగాలి కదా? నా ఉద్దేశంలో జ్ఞాపకం మనల్ని ఒకటి రెండుసార్లు వెనక్కి పిలుస్తుంది, అంతవరకే దాని పని. వందోసారి కూడా మనసుపెట్టి వినగలుగుతున్నామంటే ఆ పట్టు ఆల్బమ్ తయారైన తీరులోనే ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కొన్ని విడి పాటలు కలిసి ఒకటిగా ఎలా అతుక్కుంటాయో చూడాలి.

ఒక పాట అయిపోగానే

78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు మీద ఒక వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూగా పట్టేది. ఒక వైపు ఒక పాట, తిప్పితే ఇంకో పాట. పాతాళభైరవి, మాయాబజార్ కాలంలో సినిమా పాటలు జనానికి ఇలా విడివిడిగానే చేరాయి. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీని, అంటే లాంగ్ ప్లే రికార్డును, తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడంతో ఒక సినిమా పాటలన్నిటినీ, ఒక గాయని పాడిన కీర్తనలన్నిటినీ ఒక వరుసలో పేర్చే వీలు కలిగింది. మన దగ్గర ఎల్పీలు కొనగలిగిన ఇళ్లు తక్కువ. మైకు సెట్టు వాళ్ల దగ్గర, గుళ్లో, రేడియో స్టేషన్‌లో ఉండేవి. 1977 నాటి 'దాన వీర శూర కర్ణ' మాటల రికార్డును పెళ్లిపందిట్లో మైకులో విని, డైలాగులన్నీ అప్పజెప్పే కుర్రాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. సంగీతం అక్కర్లేదు, వరుసగా వచ్చే మాటలైనా సరే, అన్నిసార్లు వింటే అలా ఒంటబడతాయి.

ఆల్బమ్‌ను మధ్యతరగతి ఇంట్లోకి తెచ్చింది మాత్రం క్యాసెట్టే. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లోనే తయారు చేసినా, మన ఇళ్లల్లో రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ-ఇన్-వన్ మామూలు వస్తువు అయింది 1980ల్లో. క్యాసెట్‌లో పాట దాటేయడం పెద్ద పని. ఫార్వర్డ్ నొక్కితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, టేపు నలిగిందంటే ఇంట్లో తిట్లు. అందుకని నచ్చిన పాట కోసం నచ్చని పాటను కూడా వినేవాళ్లం. అలా వినగా వినగా ఆ నచ్చని పాట కూడా నచ్చడం మొదలయ్యేది. ఇది ఊరికే అలవాటు కాదు. పదే పదే ఎదురుపడిన దాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించాడు.

అప్పట్లో రికార్డింగ్ షాపులుండేవి. ఖాళీ క్యాసెట్, కాగితం మీద రాసిన పాటల లిస్టు ఇచ్చి వస్తే నింపి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక వైపు ముప్పై నిమిషాలే. షాపువాడు ఎంత లెక్క చూసుకున్నా ఆఖరి పాటకు చోటు చాలక, రెండో చరణం మధ్యలో టక్కున తెగిపోయేది. ఆ పాటనే ఇప్పుడు మంచి స్పీకర్లలో పూర్తిగా విన్నా, సరిగ్గా ఆ మాట దగ్గరకు రాగానే తెగుతుందని చెవి సిద్ధపడుతుంది. ఆ తర్వాత వచ్చే లైను ఏదో కొత్తగా, అదనంగా దొరికినట్టు ఉంటుంది. ఆ తరం వాళ్లను ఎవర్ని కదిలించినా ఇలాంటి పాట ఒకటి చెబుతారు.

ఇంకో అనుభవం ఇంతకంటే మామూలుది. బాగా తెలిసిన క్యాసెట్‌లో ఒక పాట అయిపోయి, టేపు నిశ్శబ్దంగా తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో తర్వాతి పాట మొదటి స్వరం మన తలలో ముందే మోగుతుంది. 2009లో అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని మెదడు స్కానర్‌లో చూశారు. మనుషులకు బాగా అలవాటైన సీడీల్లోని పాటల చివర్లు వినిపించి, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో గమనించారు. వరుస తెలిసిన పాటల విషయంలో, ఏ శబ్దమూ లేని ఆ కొద్ది క్షణాల్లోనే మెదడు ముందు భాగాలు చురుగ్గా కదిలాయి. వరుస తెలియని పాటల తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో అలా లేదు. అంటే చాలాసార్లు విన్న ఆల్బమ్ మన లోపల ఏడు పాటలుగా ఉండదు. ఏడు భాగాలున్న ఒకే రచనగా ఉంటుంది. అందులో మధ్య పాటను విడిగా ఎక్కడైనా వింటే, అది అయిపోగానే రావాల్సిన పాట రాక మనసు కాస్త వెలితి పడుతుంది.

తెలిసినా ఒళ్లెందుకు జలదరిస్తుంది

సంగీతంలో ఆనందం ఎదురుచూపు నుంచి పుడుతుందని లెనార్డ్ మేయర్ అనే సంగీత శాస్త్రవేత్త 1956లో వాదించాడు. ఒక స్వరం విన్నప్పుడు మెదడు తర్వాత ఏం రావాలో ఊహిస్తుంది. అది వచ్చినా, ఆలస్యంగా వచ్చినా, రాకుండా ఇంకేదో వచ్చినా మనకు ఏదో ఒకటి అనిపిస్తుంది. ఈ వాదన చదివినవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఏంటంటే, పాట మొత్తం కంఠతా వచ్చాక ఇక ఎదురుచూపు ఎక్కడిది?

2011లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో జరిగిన ఒక పరిశోధన దీనికి మంచి జవాబు ఇచ్చింది. ఒళ్లు జలదరించేంత ఇష్టమైన పాటల్ని తెచ్చుకోమని కొందరికి చెప్పి, వాటిని వింటున్నప్పుడు మెదడులో సంతోషానికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనం విడుదలను కొలిచారు. జలదరింపు వచ్చే క్షణంలో ఒక చోట డోపమైన్ విడుదలైంది. అంతకు కొన్ని సెకన్ల ముందు, ఆ క్షణం వస్తోందని తెలిసినప్పుడు, వేరే చోట విడుదలైంది. అంటే మనకు ఒకే పాటలో రెండు సంతోషాలు అందుతున్నాయి. రెండోది, అంటే రాబోతోందని తెలిసిన సంతోషం, పాట తెలిసినవాళ్లకే దొరుకుతుంది. మొదటిసారి వినేవాడికి 'దొరకునా ఇటువంటి సేవ' పాట గొప్ప పాట. యాభయ్యోసారి వినేవాడికి దానితోపాటు, ఎత్తుగడ దగ్గర్నుంచే ఆ చివరి భాగం కోసం కూడగట్టుకునే ఎదురుచూపు కూడా ఉంటుంది.

కచేరీలకు వెళ్లేవాళ్లకు ఇదంతా ఎవరూ రుజువు చేసి చూపించక్కర్లేదు. త్యాగరాజ కీర్తనలో పల్లవి ఒకే లైను. దాన్ని గాయకుడు ఒక్కో సంగతితో, అంటే ప్రతిసారీ కాస్త మార్చిన బాణీతో, మళ్లీ మళ్లీ పాడతాడు. నెరవల్‌లో అయితే ఒకే మాట పట్టుకుని పది నిమిషాలు తిరుగుతాడు. ఎవరూ 'ఇందాక పాడావు కదా' అనరు. ఎలిజబెత్ మార్గులిస్ అనే పరిశోధకురాలు దీన్ని ఇంకో వైపు నుంచి పరీక్షించింది. అసలు పునరుక్తే ఉండకూడదని జాగ్రత్తపడి రాసిన ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య రచనలు కొన్నిటిని తీసుకుని, కంప్యూటర్‌లో ముక్కల్ని కత్తిరించి అతికించి, కొన్ని చోట్ల అదే భాగం మళ్లీ వచ్చేట్టు చేసింది. విన్నవాళ్లు ఆ అతుకుల రచనలే ఎక్కువ బాగున్నాయన్నారు, వాటినే మనిషి రాసినట్టు ఉందని కూడా అన్నారు. మళ్లీ రావడం సంగీతానికి అలంకారం కాదు, దాని స్వభావమే అది. ఆల్బమ్‌ను మళ్లీ వినడం కూడా ఆ స్వభావంలోంచి వచ్చేదే.

వయసు వేసే ముద్ర

ఇప్పుడు జ్ఞాపకాల సంగతి. మనిషి జీవితంలో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవి మిగతా కాలం కంటే ఎక్కువగా గుర్తుంటాయని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. పాటల ఇష్టం కూడా ఆ వయసులోనే గట్టిపడుతుంది. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల వయసుల వాళ్లకు పాత పాటలు వినిపించి చూస్తే, ఎక్కువ ఇష్టం దాదాపు ఇరవై నాలుగేళ్ల వయసు చుట్టూ వచ్చిన పాటల మీద కనిపించింది. ఇంటి నుంచి బయటపడటం, హాస్టల్, మొదటి ప్రేమ, మొదటి ఉద్యోగం అన్నీ ఆ కొద్ది ఏళ్లల్లోనే జరుగుతాయి. 1992లో 'రోజా' వచ్చినప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లను అడగండి, 'చిన్ని చిన్ని ఆశ' మొదటిసారి ఎక్కడ విన్నారో చెబుతారు.

అయితే నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించే పరిశోధన 2013లో వచ్చింది. కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనేవాళ్లు ఇరవై ఏళ్ల కుర్రకారును తీసుకుని, గత యాభై ఏళ్లలో హిట్టయిన పాటలు వినిపించారు. వాళ్ల సొంత వయసులో వచ్చిన పాటల మీద ఇష్టం ఉండటం సహజమే. కానీ వాళ్ల తల్లిదండ్రులు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు వచ్చిన పాటల దగ్గర కూడా ఇష్టం ఒక్కసారిగా పెరిగింది. ఇంకాస్త వెనక్కి, తాతల కాలపు పాటల దగ్గర మళ్లీ పెరిగింది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకునే పాటలు పిల్లల మీద ముద్ర వేస్తున్నాయన్నమాట.

తెలుగు ఇళ్లల్లో ఇది రోజూ కనిపించేదే. 2000 తర్వాత పుట్టి, క్యాసెట్ చేత్తో పట్టుకోని పిల్లలు 'సాగర సంగమం' పాటలు పాడుతుంటారు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టిన పిల్లలు నాన్న కారులో విని విని, మాటలు సరిగ్గా అర్థం కాకపోయినా 'తకిట తధిమి' అందుకుంటారు. వాళ్లకు 1983 మీద ఏ జ్ఞాపకమూ లేదు. అయినా పాట పట్టుకుంది. తండ్రి వల్ల ఆ పాటలు వాళ్ల చెవిన పడ్డాయి, నిజమే. కానీ అదే కారులో అంతే తరచుగా మోగిన ఇంకో పది సినిమాల పాటల్ని వాళ్లు వదిలేశారు. అందుకే జ్ఞాపకం, పెంపకం రెండూ పరిచయం చేయడం వరకే అని నేనంటున్నది.

ఎందుకు కొన్ని మొహం మొత్తుతాయి

ఎంత ఇష్టమైనదైనా మితిమీరితే మొహం మొత్తుతుంది. పాట విషయంలో దీనికో లెక్క ఉంది. డేనియల్ బెర్లైన్ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో చెప్పిన దాని ప్రకారం, వింటున్నకొద్దీ ఇష్టం పెరుగుతూ పోయి, ఒక చోట పైకి చేరి, తర్వాత దిగడం మొదలవుతుంది. సాదాసీదా పాట త్వరగా పైకి చేరుతుంది, త్వరగానే దిగుతుంది. లోపల పొరలు ఎక్కువున్న పాట నెమ్మదిగా ఎక్కుతుంది, చాలాకాలం పైనే ఉంటుంది. పండగ సీజన్‌లో ప్రతి ఆటోలో మోగి, మూడు నెలలకు విసుగొచ్చే పాటకూ, మొదట్లో అంతగా ఎక్కకుండా పదేళ్ల తర్వాత కూడా వదలని పాటకూ తేడా ఇదే.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన శ్రీ వేంకటేశ సుప్రభాతం. హెచ్‌ఎంవీ ఎల్పీగా 1963లో వచ్చింది. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. అన్నీ కలిసి దాదాపు ఇరవై నిమిషాలు. మన దగ్గర ఇంతకంటే ఎక్కువసార్లు మోగిన రికార్డు ఇంకోటి ఉంటుందనుకోను. రోజూ తెల్లవారుజామున, గుడి మైకులో, పక్కింటి రేడియోలో, హోటల్లో, బస్సులో. బెర్లైన్ లెక్క ప్రకారం జనానికి ఎప్పుడో విసుగు పుట్టాలి. పుట్టలేదు.

కారణం భక్తి అని తేలిగ్గా చెప్పేయొచ్చు, కానీ భక్తి లేనివాళ్లు కూడా ఆ గొంతు వినపడితే ఇబ్బంది పడరు. 2004లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. శ్రద్ధ పెట్టి విన్న సంగీతం మీద ఇష్టం పెరిగి తగ్గింది. వేరే పని చేసుకుంటూ పక్కన వినపడిన సంగీతం మీద మాత్రం ఎన్నిసార్లు విన్నా ఇష్టం తగ్గలేదు, మెల్లగా పెరుగుతూనే పోయింది. సుప్రభాతాన్ని కూర్చుని వినేవాళ్లు తక్కువ. ముగ్గు వేస్తూ, కాఫీ కలుపుతూ, పిల్లల్ని స్కూలుకు తయారుచేస్తూ వింటారు. ఏ శ్లోకం దగ్గరికి వచ్చిందో చూసి టైమెంతైందో చెప్పగలిగే అమ్మమ్మలు ఉండేవాళ్లు. అక్కడ ఆ ఆల్బమ్ చేసేది వినోదం కాదు, రోజును మొదలుపెట్టడం.

ఘంటసాల భగవద్గీతది ఇంకో దారి. ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ రికార్డు ఆయన పోయాకే జనంలోకి వచ్చింది. శ్లోకం పాడి, వెంటనే తెలుగు తాత్పర్యం ఆయన గొంతుతోనే చెప్పడం వల్ల చదువురాని వాళ్లకు కూడా గీత అందింది. కాలక్రమంలో చావు ఇంటి ముందు మోగించడం ఆనవాయితీ అయిపోయింది. దాంతో 'పార్థాయ ప్రతిబోధితాం' అని వినపడగానే ఎవరు పోయారోనని వీధిలోకి తొంగిచూసే పరిస్థితి వచ్చింది. నాకిది బాధగా ఉంటుంది. ఆ రికార్డును ఆ సందర్భం నుంచి విడదీసి, మామూలు రోజున ఒకసారి మొదటి నుంచి వినమని అడుగుతాను. ప్రశ్న అడిగే అర్జునుడి దగ్గర ఒక రకంగా, బదులిచ్చే కృష్ణుడి దగ్గర ఇంకో రకంగా ఆయన గొంతు మారే తీరు, తాత్పర్యం చెప్పేటప్పుడు మాటకూ మాటకూ మధ్య వదిలే ఖాళీ ఆ హడావుడిలో ఎవరికీ వినపడవు.

గీతాంజలిని దగ్గరగా వింటే

పొరలు అన్నాను. అవి ఎలా ఉంటాయో ఒక ఆల్బమ్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. 1989లో మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా 'గీతాంజలి'. సంగీతం ఇళయరాజా, పాటలన్నీ వేటూరి రాశారు. మగ గొంతు ఉన్న పాటలన్నిట్లోనూ అది బాలుదే, ఆడ గొంతులు చిత్ర, జానకి. ఒకే స్వరకర్త, ఒకే కవి, ఒకే గాయకుడు కావడంతో ఏడు పాటల మీదా ఒకే వాతావరణం కమ్ముకుని ఉంటుంది. 'జల్లంత కవ్వింత'లో వాన, 'జగడ జగడ'లో చిందులు, 'ఓ పాపా లాలి'లో జోల. దేనికది వేరు. కథలో ఇద్దరూ చావుకు దగ్గరలో ఉన్నవాళ్లే కాబట్టి ఎంత సందడి పాటలోనైనా కాలం అయిపోతోందన్న తొందర వినిపిస్తుంది.

'ఓం నమః' పాట తీసుకోండి. ఇళయరాజా దీనికి గుండె చప్పుడును తాళంగా వాడారు. చిన్న స్పీకర్‌లో విన్నప్పుడు అది మామూలు డ్రమ్ అనిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో, చుట్టూ చప్పుడు లేని చోట వింటే అది లబ్-డబ్ అని తెలిసిపోతుంది. పల్లవిలో వేటూరి హృదయ లయలకు నమస్కారం పెట్టించారు. కింద ఆ లయ నిజంగానే కొట్టుకుంటూ ఉంది. ప్రేమపాటగా ఎన్నోసార్లు విన్నాక ఒకరోజు ఇది తడుతుంది. తట్టాక ఆ పాట మునుపటిలా వినపడదు. ఆగిపోబోయే గుండె మీద కట్టిన ప్రేమపాట అని తెలిసి వినడం వేరే అనుభవం. రచన మారలేదు, మాట మారలేదు, మనకు ఇంకో పాట దొరికింది.

ఇళయరాజా ఆల్బమ్‌లు మళ్లీ వినడానికి ఇంత నిలబడటానికి కారణం ఇలా అమర్చిన వివరాలే. గొంతు పాడుతున్నప్పుడు వెనకాల బాస్ గిటార్ తన సొంత బాణీ ఒకటి పాడుకుంటూ పోతుంది. రెండు చరణాల ముందూ వచ్చే సంగీతం ఒకటే కాదు, రెండోసారి వేరే రాస్తారు. ఇరవైయ్యోసారి వరకు గొంతు వింటాం, ఆ తర్వాత వయొలిన్లు, ఇంకా తర్వాత బాస్. 1986లో ఆయన త్యాగరాజుకూ జర్మన్ స్వరకర్త బాక్‌కూ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌లో సినిమా లేదు, హీరో లేడు. అయినా నలభై ఏళ్లుగా వింటున్నారు. పాట నిలవడానికి తెర మీది బొమ్మే కారణమని వాదించేవాళ్లకు ఈ ఒక్క ఆల్బమ్ చాలు.

మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు కొన్నేళ్ల కిందట పదే పదే వినే పాటల మీద ఒక సర్వే చేశారు. ఉత్సాహాన్ని ఇచ్చే పాటలు చాలామంది జాబితాల్లో ఉన్నాయి. కానీ అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నవి, లోతైన బంధం ఉందని చెప్పినవి తీపీ చేదూ కలిసిన పాటలు. 'ఆమని పాడవే' ఎందుకు వదలదో దీంతో కొంత అర్థమవుతుంది. పూలు రాలుతుండగా వసంతాన్ని పాడమని అడిగే పాట అది.

మనం పెరిగాక అర్థమయ్యేవి

తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్. పాడిన బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు 1980 ప్రాంతంలో వచ్చాయి. అన్నమయ్య పదాలు తెలుగు ఇళ్లల్లోకి ఇంతగా రావడానికి ఆ రికార్డులు పెద్ద కారణం. వాటిలో 'నానాటి బ్రతుకు నాటకము' ఉంది. నేదునూరి కృష్ణమూర్తి రేవతి రాగంలో కట్టిన బాణీ. చిన్నప్పుడు విన్నవాళ్లకు అది నెమ్మదిగా సాగే ఒక మంచి పాట. మహా అయితే నిద్ర వస్తుంది.

అందులో మొదటి చరణం: 'పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము'. పదేళ్ల వయసులో ఈ మాటలు నోటికి వస్తాయి, లోపలికి దిగవు. ఇంట్లో ఒక మనిషి పోయిన తర్వాత, ఆస్తి పంపకాల గొడవ ఒకటి చూసిన తర్వాత మళ్లీ వింటే 'నట్టనడిమి పని' అన్నచోట మనిషి ఆగిపోతాడు. ఎం.ఎస్. ఆ మాటల్ని ఏడుపుగా పాడదు, హెచ్చరికగానూ పాడదు. ఉన్న సంగతి చెప్పినట్టు పాడుతుంది. ఆ నిబ్బరం వినపడటానికి కూడా వయసు రావాలి. రికార్డు నలభై ఏళ్లుగా అదే. దాన్ని వినే మనిషి మారుతున్నాడు.

'శంకరాభరణం' ఇదే పని ఇంకో రకంగా చేసింది. 1980 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. కె.వి. మహదేవన్‌కూ బాలుకూ వాణీ జయరామ్‌కూ ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. కర్ణాటక సంగీతం తెలియని లక్షల మంది ఆ పాటలు పాడుకున్నారు. ఆ ఆల్బమ్‌లో వేటూరి కొత్తగా రాసినవాటి పక్కనే సదాశివ బ్రహ్మేంద్రుల 'మానస సంచరరే', మైసూరు వాసుదేవాచార్యుల 'బ్రోచేవారెవరురా', రామదాసు 'ఏ తీరుగ నను' ఉన్నాయి. ఏది సినిమా పాటో ఏది పాత కీర్తనో అప్పట్లో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. తర్వాతెప్పుడో ఒక కచేరీలో ఎవరో 'బ్రోచేవారెవరురా' ఎత్తుకుంటే, ఇది మన శంకరాభరణం పాట కదా అని ఉలిక్కిపడతారు. అక్కడ్నుంచి ఖమాస్ రాగం, వాసుదేవాచార్యులు, ఇంకో నాలుగు కీర్తనలు. ఆ తర్వాత ఇంటికొచ్చి పాత ఆల్బమ్ పెడితే అందులో ఇంతకుముందు లేని తలుపులు కనిపిస్తాయి. కొత్త సంగీతం ఎంత వింటే ఇలాంటి పాత ఆల్బమ్ అంత పెరుగుతుంది. డ్రాయర్‌లో మిగిలిన ఆ నాలుగైదు క్యాసెట్లు సాధారణంగా ఈ రకానివే అయ్యుంటాయి.

యాప్‌లో ఆల్బమ్

ఇప్పుడు ఇవన్నీ ఫోన్‌లో ఉన్నాయి. అందులో మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. క్యాసెట్ల తరానికి దొరకని స్పష్టత ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. 'ఓం నమః'లో గుండె చప్పుడు చాలామందికి వినపడింది మంచి ఇయర్‌ఫోన్స్ వచ్చాకే. కానీ పాత ఆల్బమ్‌ల వరుస చాలాచోట్ల చెదిరిపోయింది. సినిమా పేరు కొడితే పాటలు ఒక యాప్‌లో ఒక క్రమంలో, ఇంకో యాప్‌లో ఇంకో క్రమంలో వస్తాయి. శబ్దాన్ని శుభ్రం చేసే పేరుతో కొన్నిటిలో గొంతును పైకి తెచ్చి వాయిద్యాల్ని అణిచేస్తారు. మెల్లగా మొదలై పెరగాల్సిన పాటను మొదటి నుంచీ ఒకే గట్టిదనంతో వినిపిస్తారు. చాలాకాలంగా విన్నవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. కాబట్టి పాత ఆల్బమ్ యాప్‌లో విని నిరాశపడినవాళ్లు, పాట పాతబడిందని అనుకునే ముందు వేరే వెర్షన్ ఉందేమో చూసుకోవడం మంచిది.

వరుస ముఖ్యమని అనుకునేవాళ్లు కళాకారుల్లోనూ ఉన్నారు. ఆల్బమ్ పెట్టగానే పాటలు కలగాపులగంగా రాకూడదని బ్రిటిష్ గాయని అడెల్ అడిగితే, 2021లో స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో ఆ పద్ధతి మార్చింది. మన సినిమాల్లో పరిస్థితి వేరు. ఆడియో ఫంక్షన్ రోజు క్యాసెట్ మొత్తం ఒకేసారి విడుదలయ్యే పద్ధతి పోయి, నెలకో పాట లిరికల్ వీడియోగా వస్తోంది. 'అల వైకుంఠపురములో' సినిమా 2020 సంక్రాంతికి వస్తే 'సామజవరగమన' పాట 2019లోనే జనం నోళ్లల్లో నానింది. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య వారాల ఎడం ఉంటే, అయిపోయిన పాట చివర్లో తర్వాతి పాట తలలో మోగే అవకాశం లేదు. అయితే ఇప్పటి పిల్లలు తమ ప్లేలిస్ట్‌లు తామే కట్టుకుంటున్నారు, అవే వరుసలో నెలల తరబడి వింటున్నారు కూడా. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కుర్రవాడికి గుర్తుండే ఆల్బమ్ ఏ కంపెనీ వేసిందీ కాదు, ఇంటర్ చదివేటప్పుడు వాడు పేరు పెట్టి సేవ్ చేసుకున్న ఆ జాబితా అవుతుంది. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుంటే దొరుకుతుంది, లేదా ఆ వరుస నోటికి వచ్చి ఉంటే మళ్లీ కట్టుకోవచ్చు.